వేలిముద్ర పడని చెయ్యి

అమలాపురంలో మా ల్యాబు తెరిచేది ఆరున్నరకి.
ఆమె అప్పటికే మెట్టు మీద ఉంది,
చెప్పులు విడిచి, కుడిచేతిని ఎడంచేత్తో
ఎవరి పిల్లనో ఎత్తుకున్నట్టు పట్టుకుని.

పేరు? పలివెల నూకరత్నమండి.
వయసు? ముప్పయ్యారో, ఏడో.
పని?
ఆమె చెప్పకముందే వాసన చెప్పింది,
రొయ్యల షెడ్డు.

నాలుగింటికి వ్యాను. ఐసునీళ్ళలో చేతులు.
తల తుంచి, తొక్క ఒలిచి, నరం లాగి,
కిలోకింత.
తిరిగి వ్యాను దిగేసరికి చీకటి.
"ఎండ మొహం చూసేది ఆదివారమేనండి.
ఆదివారం పడుకుంటాను."

ఏం తింటుందో రాయమన్నారు డాక్టరుగారు.
"అన్నమేనండి."
అన్నంలోకి?
"పచ్చడండి. మజ్జాన్నం టీ, బన్ను."
రోజంతా చేతుల్లో రొయ్యే కదా అన్నాను.
నవ్వింది.
"గేటు దగ్గర తడుముతారండి."

వాళ్ళమ్మ బోదెకి పాతచీర అడ్డం పెడితే
పరిగెలు పడేవట. గట్టు మీద పొన్నగంటి కూర,
దంపుడు బియ్యం మీద ఎర్రటి పొర.
ఆ బోదె ఇప్పుడు ఉప్పునీళ్ళు మోస్తోంది,
ఆ గట్టు మీద సున్నం బస్తాలు.
అయినా వాళ్ళమ్మకి ఏ జబ్బులుండేవో
నాకేం తెలుసు,
ఆవిడ రక్తం ఎవరూ తియ్యలేదు.

సాయంత్రానికి తేలింది.
ఆర్.ఏ. ఫ్యాక్టర్ పాజిటివ్.
డి విటమిన్ ఎనిమిది. హిమోగ్లోబిన్ ఏడున్నర.
కాపలా కాయాల్సిన రక్తమే కీళ్ళ మీద పడుతోందమ్మా,
కంచే చేను మేసినట్టు, అన్నారు డాక్టరుగారు.
"తిండి లేకేనాండీ?"
ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
"కావచ్చు. అదొక్కటే అని చెప్పలేం.
కావచ్చు."

నూకరత్నం కాసేపు ఊరుకుని
"కంచెకి మాత్రం ఎవరు పెట్టారండీ కూడు" అంది.

మాత్రలు. గుడ్డు, చేప, ఆకుకూర.
రోజూ అరగంట ఎండ.
చీటీ అటూ ఇటూ తిప్పి
"ఎండ కిలో ఎంతండీ" అని నన్నడిగింది,
నేనేదో తగ్గించి ఇప్పిస్తానన్నట్టు.

అసలు సంగతి గుమ్మం దగ్గర చెప్పింది.
మూడు నెలలుగా రేషను మిషను
ఆమె వేలు పట్టడం లేదు.
బొటనవేలు, చూపుడువేలు,
కడిగి, తుడిచి, కొబ్బరినూనె రాసి, ఊది,
మళ్ళీ ఎర్రలైటే.
ఈ మనిషి ఆ మనిషి కాదంటుంది.
"బయటిదీ గుర్తుపట్టదు,
లోపలిదీ గుర్తుపట్టదు" అంది
వాచిన కణుపులు నిమురుకుంటూ.

రిపోర్టు కింద రిమార్కులని ఒక గడి ఉంటుంది.
డాక్టరుగారన్న ఆ మూడక్షరాలూ
సరిగ్గా అందులో పట్టేవే.
రాయలేదు.

అందినట్టు రిజిస్టరులో వేలిముద్ర వేసింది.
వంగని వేలిని నేనే పట్టుకుని అద్దాను.
ఒక్క గీతా లేదు,
నున్నటి నల్లటి చుక్క.