చల్లటి ఇంజనుకి జ్వరం

తాళంచెవి ఒక్క మెట్టు తిప్పాను, అంతే.
ఇంజను ఇంకా లేవలేదు,
కనీసం దగ్గలేదు,
ముందు ఫ్యాను లేచి కూచుంది.

నరసన్నపేట బైపాసు పక్కన
ఇంకా సరిగ్గా తెల్లారని నా షెడ్డులో
రాత్రంతా మంచులో నానిన బండి అది.
రేడియేటరు మీద చెయ్యి వేస్తే
కుండ అడుగులా చల్లన.
దీనికి విసరమని ఎవరన్నారు?

కోమర పోలయ్య మొదటి బస్సుకే దిగిపోయాడు.
కళింగపట్నంలో టాక్సీ తోలతాడు.
"మోటారు మార్పించీసినాను బావూ,
ఆమదాలవలసలో ఒకడు
రేడియేటరే ఇప్పీమన్నాడు.
ఇంకేటి మిగిలింది, నన్ను మార్చాల!"

నవ్వాను గానీ నవ్వితే పని అవదు.
ఏసీ ఆపాను. తిరుగుతోంది.
రిలే పీకాను. ఆగింది.
ఆగిందంటే ఫ్యాను అమాయకురాలు,
వెనకనుంచి ఎవరో ఉసిగొల్పుతున్నారు.
హారను రిలే తెచ్చి దాని గూట్లో కూర్చోబెట్టాను,
అద్దెకొచ్చినదీ అదే పాట.
ఫ్యాను రిలేతో హారను కొట్టి చూశాను:
బెదిరిపోయి టీ బడ్డీ గున్నమ్మ
గ్లాసు జారవిడిచింది.
రిలేకి ఏ పాపమూ తెలీదు.

ఇక మిగిలింది సెన్సారు.
ఇంజను ఒంట్లో వేలెడంత ఇత్తడి,
నీళ్లలో ముక్కు ముంచి
వేడెంతో చెప్పడమే దాని కొలువు.
మీటరు పెట్టాను.
రెండు వేల చిల్లర ఓములు.
ఈ చలికి సరిగ్గా అంతే చెప్పాలి.
నిజమే చెబుతోంది పాపం,
వినేవాళ్లేరీ?

ప్లగ్గు తిరగేసి టార్చి కొట్టాను.
లోపల ఒక పిన్నుకి
పచ్చగా, తెల్లగా, ఉప్పు పూసింది.
సముద్రం ఒడ్డున బండి ఆపుకుంటే
గాలి ఊరికే పోదు,
దొరికిన ఇత్తడినల్లా నాకి పోతుంది.

పోలయ్యకి చెప్పాను:
"సెన్సారు మాట అందకపోతే
ఆ కంప్యూటరు పెట్టె
బాగానే ఉందిలే అనుకోదు.
ఉడికిపోతోందనే అనుకుంటుంది.
అందుకే ఆపకుండా విసురుతుంది."

అతను చాలాసేపు ప్లగ్గుకేసే చూశాడు.
"మా వదినా ఇంతే" అన్నాడు.
"అన్న వీరావల్‌లో బోటెక్కి
పదమూడు దినాలు.
ఫోను లేదు.
రేతిరి ఇసక మీద అటూ ఇటూ,
ఇటూ అటూ,
కూకోమంటే కూకోదు."

నాకేం చెప్పాలో తోచలేదు.
గరుకు కాగితం చుట్టి
పిన్ను గీకుతూ ఉండిపోయాను.
సగం తినేసింది ఉప్పు.
చివరికి కొత్త ప్లగ్గే కట్టాను.

తాళం తిప్పాను.
ఏమీ లేదు.
హైవే మీద పలాస లారీ
గేరు మార్చుకున్న చప్పుడు వినిపించింది,
అంత ఏమీ లేదు.

కానీ ఆగిపోతే సరిపోదు,
రావలసినప్పుడు రావాలి.
ఇంజను నడవనిచ్చి ఇద్దరం నిలబడ్డాం.
సూది పాకుతోంది, చీమలా.
పోలయ్య తన ఫోను బానెట్ అంచున పెట్టాడు.
గున్నమ్మ వేరే గ్లాసుల్లో టీ తెచ్చింది,
పగిలినదాని లెక్క నాకే రాసిందట.
సూది సగం దాటుతుండగా
ఫ్యాను ఒక్కసారి గుప్పుమంది.
రెండు నిమిషాలు విసిరి
తనంతట తనే ఊరుకుంది.

అప్పుడే ఫోను మోగింది.
ముగ్గురం ఒకేసారి చూశాం.

సారవకోట పెళ్లి బేరం.

"ఆఁ, బండి బాగుంది, వొచ్చెస్తాను"
అంటూనే మూడు వందలు నా చేతిలో పెట్టాడు.
పోలాకి రోడ్డు మలుపు దాకా
బండి చప్పుడు వింటూ నిలబడ్డాను, అలవాటు కొద్దీ.
పాత ప్లగ్గు నా జేబులోనే ఉండిపోయింది.
వేలికంటిన పచ్చ
సబ్బుకి వదల్లేదు.
మధ్యాహ్నం అన్నంలో
ఉప్పగా తగిలింది.