లాకౌట్ మతం

మిల్లు గేటుకి తాళం పడిన పదకొండో నాడు
మా గుంట హైమ ఒక లోకం మొదలెట్టింది.
లాకౌట్ నోటీసు వెనక తెల్లగా ఉంది కదాని
దాని మీదే పెన్సిలుతో గీసింది
మూడు కొండలు, రెండు చందమామలు, ఒక ఏరు.
నెల్లిమర్లలో పుట్టిన పిల్ల,
ఎంత వంకర తిప్పినా
ఆ ఏరు చంపావతిలాగే వచ్చింది.
"దీనికి పేరెట్టవేటే?" అన్నాను.
"ఏటికి పేరెడితే ఆ లోకంలో తప్పు నానా,
పిలిస్తే రావాల్సొస్తాది కదా దానికి."

అలా పుట్టింది మతం.

గుడి లేదు. గంట లేదు.
హుండీ సంగతి నేనే అడిగాను, ఖాళీ జేబువాణ్ణి.
"దేవుడికి ఇచ్చీదుండదు,
తీసుకున్నది ఒప్పుకోవడమే" అంది.
పొద్దున్నే గుమ్మంలో నిలబడి
నిన్న ఎన్ని చెంబుల నీళ్లు తాగావో
ఎవరి నీడలో కూర్చున్నావో
ఏ చెట్టు పుల్లతో పళ్లు తోమావో
పైకి చెప్పాలి. అంతే పూజ.
దాచిపెడితే
నాలిక మీద నాచు మొలుస్తుంది.

నేనూ ఒక మాట కలిపాను.
పంతొమ్మిదేళ్లు బ్యాచింగులో నార తడిపినవాణ్ణి,
గోగు నార ఎలా అవుతుందో చూసినవాణ్ణి.
కట్టలు కట్టి మడుగులో ముంచుతారు
పైన మట్టిబెడ్డలు పేరుస్తారు
ఊరు ముక్కు మూసుకునేదాకా కుళ్లనిస్తారు.
ఆ కంపులోంచే పసుపుపచ్చటి పోగు లేచొస్తుంది.
"కుళ్లడం కూడా దేవుడే అని రాయే."
పెన్సిలు కొరుకుతూ చాలాసేపు చూసింది.
"పెద్ద దేవుడా, చిన్న దేవుడా?"
"అందరికన్నా ఆఖర్న వచ్చీ దేవుడు."

వాళ్లమ్మ అప్పలనరసమ్మ
కోళ్ల ఫారంలో పని దిగి వచ్చి
జుట్టులో ఈక తీసుకుంటూ విన్నది.
"బియ్యం డబ్బాకి దేవుడు నేడేటి మీ లోకంలో?"
నవ్వలేదు.
హైమ రబ్బరుతో ఒక లైను చెరిపి
మళ్లీ రాసింది:
గంట ఉంది.
డబ్బా అడుక్కి గిద్ద తగిలిన చప్పుడే గంట.

ముప్పయ్యో నాడో, ఆ మర్నాడో
దేవుణ్ణి చూసొద్దామని నన్ను లాక్కుపోయింది.
వంతెన మీంచి చూస్తే
ఏరు ఎక్కడికక్కడ తెగిపోయి ఉంది,
గుంటల్లో మురికినీళ్లు
ఇసకలో ట్రాక్టరు చక్రాల అచ్చులు, పెద్ద లిపిలాగా.
చదవడానికి చూసింది పిల్ల.
"నానా, ఇది తవ్వినోలు
పొద్దున్న గుమ్మంలో ఏటని చెప్పాల?"

గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు దగ్గాను.
వారం నుంచీ రాత్రి పదకొండు దాటాక
మెల్లగా గొళ్లెం తీసి పోయేది నేను.
ట్రాక్టరు నింపితే నూటయాభై.
డబ్బా గంట మోగకుండా ఆపుతున్నది
ఆ దేవుడి ఒంటి మీది ఇసకే.

మర్నాడు తన వంతు అయ్యాక
"నువ్వూ చెప్పు" అంది.
రెండు చెంబులు నీళ్లు, అన్నాను.
కానుగ పుల్ల.
పోలయ్య బడ్డీ నీడ.
అంతేనా అనలేదు.
నా కాలివేళ్ల సందుల్లోకి చూసి
లోపలికెళ్లి చీపురు తెచ్చి
గుమ్మంలో రాలిన ఇసక ఒక పక్కకి తీసింది.
ఊడ్చి పారెయ్యలేదు.
దోసిట్లోకి ఎత్తి
తన కంపాసు బాక్సులో పోసుకుంది.

నాలికతో అంగిలి తడుముకున్నాను ఆ రోజంతా.

యాభై నాలుగో నాడు గేటు తీశారు.
ఏ షిఫ్టుకి పోతూ వంతెన మధ్యలో సైకిలు ఆపాను.
చీకటి. ఎవరూ లేరు.
రెండు చెంబులు నీళ్లు, అన్నాను పైకి.
వేపపుల్ల.
నలభై ఒక్క ట్రాక్టర్లు...
ఎవరి కోసం, ఎందుకు, ఎంతకి అన్నది
ఇంకా నోట్లోనే ఉంది,
సైరను కూసింది.

తొక్కాను సైకిలు.
మిగతాది రేపు చెబుతాను.