కాయ

వేల్స్ కొండల్లో ఎడతెగని నవంబరు వాన.
లౌరి అవ్వ ముందు, చెక్క చట్రం మోసుకుంటూ నేను వెనక.
రెండు వారాలకో ఇల్లు,
తిండీ పడకా వాళ్ళవే,
వెళ్ళేనాటికి మంచం మీద ఒక కొత్త బొంత.

నాకప్పుడు పద్నాలుగు.
ఆ యేడు నాంట్‌గ్లాస్ వాళ్ళింట్లో
ఎలీనెడ్ పెళ్ళి బొంత:
ఎర్ర ఫ్లానెలు, మధ్యలో గొర్రె ఉన్ని,
ఉన్నిలో ఇంకా అక్కడక్కడా ముళ్ళకంప తునకలు.

పైన కుడిచెయ్యి సూది తోస్తుంది.
అందరూ మెచ్చుకునేది దాన్నే.
బొంత కింద, చీకట్లో, ఎడమచెయ్యి కాచుకుని ఉంటుంది.
సూది దిగిందా లేదా కనిపెట్టేది అది,
దిగిన ప్రతిసారీ పోటు తినేది అది.

మూడోరోజుకి నా చూపుడువేలి కొస జల్లెడ.
ఉప్పు తగిలితే కళ్ళలో నీళ్ళు.
భోజనాల దగ్గర ఎడమచెయ్యి ఒళ్ళో దాచుకునేదాన్ని.
నాలుగోరోజు బొంత మీద నెత్తురు, ఆవగింజంత.
ఎరుపులో ఎరుపు కలిసిపోతుందిలే అనుకున్నా.
ఎండాక నల్లబడింది.

అవ్వ తిట్టలేదు.
"తెల్లదారం ముక్క నమిలి, తడిదాంతో అద్దు.
నీ నెత్తురు నీ ఉమ్మికే లొంగుతుంది,
నా ఉమ్మి దాన్నేం చెయ్యలేదు."
నిజమో కాదో, మరకైతే పోయింది.

ఆ రాత్రి పొయ్యి పక్కన
నా చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుంది.
ముందు పటిక నీళ్ళు. భగ్గుమంది.
తర్వాత ఉన్ని ఉడికించి తీసిన జిడ్డు,
గొర్రెల కొట్టం వాసన.
పాత చేతితొడుగు కోసి వేలికో తోలు టోపీ కుట్టింది.
కుడుతూనే చెబుతోంది:
"దారానికి మైనం పట్టించు, జారుతూ పోతుంది.
మొద్దు సూదితో పంతం పట్టకు, పారెయ్.
రోజుకో వేలు మార్చు.
చేనునైనా ఓ యేడు బీడు వదులుతారు గదా?
ఆదివారం సూది ముట్టకు.
దేవుడి సంగతి చర్చివాళ్ళు చూసుకుంటారు,
నేను చెప్పేది వేళ్ళ సంగతి."

మర్నాడు తోలు టోపీ పెట్టుకుని
ఎంత హాయిగా కుట్టానో!
మధ్యాహ్నానికి జానెడు తీగ, ఏడు ఆకులు.
బొంత మడిచి అడుగు చూస్తే
ఒక్క కుట్టూ దిగలేదు.
పొద్దుటినుంచీ సగం బొంతనే కుట్టాను.

అవ్వ కత్తెర చేతికిచ్చి నవ్వింది.
నేను విప్పుతుంటే తను తోలుని గీకి గీకి
ఉల్లిపొరంత పలచన చేసింది.
"నొప్పిని చంపకు, పిల్లా.
గుమ్మంలో ముక్కాలిపీట వేసి కూర్చోబెట్టు.
వచ్చిందెవరో చెప్పడానికి
ఎవరో ఒకరుండాలి గదా."

పూలు కుట్టీ కుట్టీ
క్రిస్మసు నాటికి నా వేలు కాయ కాసింది.
గొప్పగా అందరికీ చూపించుకున్నా,
బల్ల మీద టకటక కొట్టి మరీ.

మరుసటి నవంబరు మళ్ళీ నాంట్‌గ్లాస్.
ఎలీనెడ్ చంకలో నెల్లాళ్ళ బిడ్డ.
అవ్వ చూపుడువేలితో దాని బుగ్గ తాకింది.
ఆగింది.
నడిమివేలితో తాకింది.
ఎవరితోనూ ఏమీ అనకుండా
చెయ్యి తిరగేసి, మణికట్టు వెనక భాగాన్ని
బుగ్గకి ఆనించి, అట్లాగే ఉండిపోయింది.
బయట ఎవరిదో కుక్క మొరుగుతోంది.
ఆ సాయంత్రం దీపం వెలిగించాక,
"కింద చెయ్యి పెట్టి చూడు,
నా కుట్లు దిగుతున్నాయా" అని అడిగింది,
గొంతు తగ్గించి.
మూడింట ఒకటి దిగడం లేదు.
అన్నీ దిగుతున్నాయన్నాను.
రాత్రి తను నిద్రపోయాక లేచి
దిగనివి విప్పి మళ్ళీ కుట్టాను.

ఇప్పుడు చట్రం నాది, బూట్లలో వాన నాది.
నా ఎడమచేతి నాలుగు వేళ్ళూ
తిట్టుకుంటూ వంతులేసుకుంటాయి.
చిటికెనవేలిని మాత్రం
ఎన్నడూ బొంత కిందికి పంపలేదు.
ఏ ఇంట్లోనైనా బిడ్డని చేతికిస్తే
ముందు దాన్నే చాస్తాను.
దానికింకా పద్నాలుగే.