ఉత్తరానికి

జమ్మలమడుగు రిజిస్ట్రారాఫీసు ముందర
రేకుల పంచలో, చెక్కపెట్టె మీద
మా ఇంటాయన ముప్పైనాలుగేండ్లు రాసినాడు.
దానపట్టా, భాగపరిష్కారం, తాకట్టు, విడుదల.
సంతకాల కాడ ఏడ్చినోళ్లను
చూసీ చూడనట్టు
అద్దుడుకాగితం అద్దుకుంటా ఉండినాడు.
కంప్యూటర్లొచ్చినంక పెట్టె మూసి
పక్కీరప్ప అనే పేరొకటి మిగుల్చుకుని
టీ అంగట్లో కూర్చుంటాండె.

గండికోటకు సినిమావోళ్లొచ్చిరి.
వందేండ్ల కిందటి నవలంట,
కుంఫిణీ దొరల కాలం నాటి ప్రేమంట.
ఏటి అవతల లెక్కలు రాసే పిల్లోడు
కోటలో పిల్లకు జాబు రాయాల.
ఆ వేషం కట్టినాయనకు మొగం బాగుంది,
చెయ్యి బాగలే.
'ళ' రాయమంటే తేలుకు తోక పెట్టినాడంట.

అందుకని మా ఆయన చెయ్యి అడిగిరి,
మణికట్టు దాకా.
తెల్ల వెంట్రుకలు గొరిగి, పౌడరు పూసి,
వేలికి ఎవరిదో ఉంగరం తొడిగి,
దీపం తగ్గించిరి.
పాత ధాన్యాల కొట్టులో పొద్దంతా రాసి
రాత్రికి ఇంటికొచ్చి
ఏం మాట్లాడకుండా సంగటి తిన్యాడు.
మూడు వేలిచ్చినారు.
గ్రైండరు బాగుచేయించినా.

కథ నాకు ఎదురింటి టీచరమ్మ చెప్పింది.
నవల్లో ఆ జాబు చేరదంట.
తెచ్చేవాణ్ణి పెన్నేరు మింగుతాది,
ఆ పిల్ల కోటగోడ మీద
దోవ చూసి చూసి ముసిల్ది అవుతాది.
సినిమాలో చేర్చినారులే అనె,
లేకుంటే జనం తిట్టుకుంటా పోతారు గదా.

పొద్దుటూరికి పోయి చూస్తిమి.
సగం సినిమా అయినంక
తెర నిండా చెయ్యి,
ఎద్దు వీపంత చెయ్యి.
నా పక్కన సోడాసీసా పట్టుకున్న చెయ్యీ అదే.
కలం కిర్రుమనేది హాలంతా వినపడె.
ముందు వరసలో ఆడపిల్లోళ్లు
అప్పటికే ముక్కులు చీదుతాండ్రి.

జాబు కోటకు చేరింది.
ఆ పిల్ల విప్పింది.
మొదటి రెండు వరసలు నవలవే,
వెన్నెలా, విరహమూ, అట్లాటివి.
తక్కిందంతా నీకు తోచింది రాయి పెద్దాయనా,
కాగితం నిండితే చాలు,
ఎవరు చదువుతారు అన్నారంట.

నేను చదివినా.
ఐదో తరగతితో ఆగిపోయిన దాన్నే గానీ
ఆ చేతిరాత నాకు అంగడి చీటీల్లో అలవాటు,
చింతపండు అరకిలో కాన్నుంచీ.

తూర్పు: ఖాజమ్మ బర్రెల కొట్టం.
దక్షిణం: మునిసిపాలిటీ కొళాయి, రెండు దినాలకొకసారి నీళ్లు.
పడమర: గోడ లేదు, గోనెపట్ట.

నాకు నవ్వొచ్చె.
హాలంతా ఏడుస్తాంటే నేను కొంగు నోట్లో కుక్కుకుంటి.
మేం పెండ్లైన ఏడు మోరగుడిలో
నెలకు పదిహేను రూపాయల బాడుగకున్న గది అది.
గాలొస్తే ఆ పట్ట లేచి
మా ఇద్దరి సంసారమూ బజారుకు కనపడేది.
వెనక నుంచి ఎవరో అనిరి,
ఏమ్మా, నీకు మనసు లేదా?

ఉత్తరం:
అని ఉంది, ఆ పక్కన ఇంకేమో ఉంది.
ఆ పిల్ల కంట్లోంచి గ్లిజరిన్ చుక్క పడి
అక్షరాలు అలుక్కుపాయ.
అప్పుడే గుర్రాలొచ్చె, పాటొచ్చె.

ఆఖరి బస్సులో అడిగినా,
ఉత్తరానికి ఏం రాసినావని.
మర్సిపోయినా అనె,
కిటికీ పక్కకు తిరిగి.
ఎవరి చేనుకు ఏ గట్టు హద్దో
ఈ తాలూకా అంతా నోటికి చెప్పే మనిషి.

ఉత్తరానికి పొయ్యి ఉండె.
పొయ్యి ముందర నేనుంటి,
తడికట్టెలు ఊదుకుంటా, కండ్లు మండి.
ఆయన గడప కాడ కూర్చుని
నన్నే చూస్తాండె, పొగ కోసమన్నట్టు దగ్గుకుంటా.

అది నేను పైకి అనలే.
బస్సు దిగేటప్పుడు మాత్రం
మోకాళ్లు నొస్తాండాయి, చెయ్యియ్యి అంటి.
గొరిగిన కాడ వెంట్రుకలు మళ్లా మొలిచినాయి,
తెల్లగా,
కొంచెం గరుగ్గా.