కార్డులో చోటు

ఈపాటికి నేను యలహంకలో ఒక పెళ్ళి తీస్తూ ఉండాలి.
తొమ్మిదీ ఇరవై రెండుకి ముహూర్తం.
మొన్న రాత్రి పిల్ల బాబాయి ఫోన్ చేశాడు:
"అడ్వాన్సు మీ దగ్గరే ఉంచండి,
మళ్ళీ దేనికైనా పిలుస్తాం."
దేనికని నేను అడగలేదు.

భుజానికి బ్యాగు లేకపోతే నడక కుదరదు నాకు.
యశ్వంతపురలో హిందూపురం ప్యాసింజరెక్కి
మాకళిదుర్గలో దిగాను.
నాతోబాటు దిగినవి
రెండు ఖాళీ పాలక్యాన్లు, ఒక మేక, మేక తాలూకు మనిషి.

కార్తీకం చివరి వారం.
వాన వెళ్ళిపోయింది గానీ
ఇల్లు ఖాళీ చేసే తొందరలో
సగం సామాను ఇక్కడే మరిచింది:
రాతి గుంటల్లో దోసెడేసి నీళ్ళు,
లాంటానా కింద ఇంకా ఆరని చీకటి,
నడుంలోతు గడ్డి, పండి, ఒక పక్కకి ఒరిగి.
నా ప్యాంటు నిండా ఉత్తరేణి గింజలు.

ఇరవై ఆరేళ్ళుగా మొహాలే తీశాను.
గడ్డం కొంచెం కిందికమ్మా.
బావగారూ, కళ్ళజోడు.
వెనక వరసవాళ్ళు దగ్గరికి, ఇంకాస్త దగ్గరికి,
అంతా ఒకింటివాళ్ళే కదండీ.
మొదటి బండ ఎక్కి కెమెరా కంటికానించగానే
"ఇటు చూడండి" అనేశాను, పైకే.
తంగేడు పొద చూడలేదు.

నొక్కితే పడలేదు.
తెర మీద ఎర్రక్షరాలు: కార్డు నిండింది.
ఆగిపోయిన పెళ్ళి నిశ్చితార్థం మొత్తం
అందులోనే ఉంది, ఆరువందల పన్నెండు.
వేరే కార్డు చిక్కపేటలో, షాపు సొరుగులో.

ఇక బేరమే.
కొండ ఒకటి కావాలంటే
నిశ్చితార్థం ఒకటి వదులుకోవాలి.

తాంబూలం పళ్ళేలు చెరిపాను,
మంచులో మోకాళ్ళదాకా మునిగిన లోయ దొరికింది.
చెరువులా నవ్వే మేనత్త పోయింది,
బూడిదరంగు బండ మీద ఎండ కాచుకునే తొండ వచ్చింది,
నా వైపు గడ్డం కొంచెం కిందికి పెట్టి మరీ.
ఉంగరం దగ్గర మాత్రం వేలు ఆగింది.
నీడలో కూర్చుని పులిహోర పొట్లం విప్పాను.
తిని, చెయ్యి తుడుచుకుని, అప్పుడు నొక్కాను.
కింద మలుపు తిరుగుతోంది గూడ్సు,
యాభై ఎనిమిది పెట్టెలు.
అన్నీ ఆ ఉంగరం చోట్లో పట్టాయి.

చీపురుగడ్డి కోస్తూ ఒకామె. మునెక్క అంది పేరడిగితే.
"ఏం తీస్తావుండావప్పా, ఏముండాది ఈడ?"
"గడ్డి."
"ఇంగ మూన్నెల్లకి రా. గడ్డంతా కాలిపోయింటాది,
అప్పుడు కొండ బాగా అగపడతాది."
ఆమె కొడవలి పక్కనపెట్టి తెరలోకి వంగింది.
"ఎవురీ పాప?"
అవనిజ.
పూజ మధ్యలో, కెమెరా తన మీద లేదనుకుని
నోరారా ఆవలిస్తోంది.
ఏ ఆల్బమ్‌లోనైనా ముందు తీసేసేది ఇదే.
"పెండ్లి నిలిచిపోయింది" అన్నాను.
"నిలిస్తే నిలిచిందిలే.
ముందు ఆ పాపని పండుకోనీండి,
నిద్ర లేదు దానికి, పాపం."
గడ్డి మోపు నెత్తికెత్తమంది. ఎత్తాను.
మోపుని తీశాను, మనిషి కనపడలేదు అందులో.

పైన గాలి, పగిలిన కోటగోడ, నేను.
పడమర అంచు చల్లారిన ఇస్త్రీపెట్టెలా ఉంది.
పక్కబండ మీదికి నెమలి ఒకటి నడిచొచ్చి
తోక లేకుండానే, దర్జాగా నిలబడింది.
కార్డులో చెరపడానికి
నిశ్చితార్థం ఒక్కటే మిగిలింది.
నెమలి చాలాసేపే ఉంది,
స్టూడియోలో స్టూలు మీద కూర్చున్నవాళ్ళలాగా,
అయిందా అని అడగబోతున్నట్టు.
అయింది, వెళ్ళండి, అన్నాను.

సాయంత్రం బండిలో కిటికీ పక్కన
ఉత్తరేణి గింజలు పీకుతూ కూర్చున్నాను.
రాజానుకుంటె దాటినా ఒక కాలే అయింది.
యలహంకలో ఆగినప్పుడు
కల్యాణ మంటపం మీద దీపాలు వెలుగుతున్నాయి.
ఎవరో వేరేవాళ్ళకి ఇచ్చేసుంటారు.
రెండో కాలు మొదలుపెట్టాను.