మూడు గంటల పది నిమిషాలకి

రిబెయిరా రేవులో వేలం నాలుగున్నరకి.
అంతకు గంట ముందే ఐసు పరిచిన పెట్టెలు బారులు తీరతాయి,
ప్రతి పెట్టెకీ ఒక నంబరు,
ప్రతి నంబరుకీ గోడవతల గదిలోని డేటాబేస్‌లో ఒక వరుస.
ఆ గదికి రాత్రి కాపలా అమారో.

పంతొమ్మిదేళ్లుగా అతని పద్ధతి ఒక్కటే:
సర్వర్ పక్కన కుర్చీ, మోకాళ్ల మీద కంబళి,
ఇనుప పెట్టెకి చెవి ఆనించి వినడం.
ఫ్యాను గొంతు మారితే తెలుస్తుంది,
డిస్కు పళ్లు కొరికితే తెలుస్తుంది.
నీలిగళ్ల నోటుబుక్కులో రాసుకుంటాడు:
"సార్డీన్లు మొదలు. బరువెక్కింది పాపం."
"మూడూ పది. మళ్లీ ఆయాసం."

అతన్ని ఇంటికి పంపించే పని మీద వచ్చాను నేను.
కాగితం మీద అలా లేదు లెండి.
కాగితం మీద: స్వయంచాలక పనితీరు పర్యవేక్షణ.

మొదటి రోజు, నాడి చూసే చిన్న ప్రోగ్రాం పెట్టాను.
పదిహేను సెకన్లకోసారి లేచి అడుగుతుంది:
ప్రాసెసర్ ఎంత, మెమరీ ఎంత,
ఎవరి తాళం కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు,
ఎంతసేపటి నుంచి.
జవాబులు మరో యంత్రంలో దాస్తుంది,
రోగినీ వైద్యుణ్ణీ ఒకే పడవలో ఎక్కించకూడదు గనక.

రెండో రోజంతా హద్దుల గొడవ.
ఎంత దాటితే జ్వరం?
ఎనభై శాతం అని రాసి పడుకున్నాను.
ఆ రాత్రి ఫోను నలభైయొక్కసార్లు మోగింది,
నలభైయొక్కటీ తాటాకు చప్పుళ్లే.

అమారో నవ్వలేదు. నోటుబుక్కు నా ముందుకి జరిపాడు.
"దానికి మామూలంటే ఏమిటో ముందు తెలుసుకో, ఉషీయా.
సోమవారం మామూలు వేరు.
గాలివాన వెలిసిన మర్నాటి మామూలు వేరు."

కూర్చుని ఎక్కించాను అతని పంతొమ్మిదేళ్లనీ,
ఆయాసాలు, పాపాలు, కాఫీ మరకల కింది తేదీలు.
గ్రాఫు మీద లేత బూడిదరంగు పట్టీ పరుచుకుంది:
ఈ వేళకి ఈ మాత్రం సహజం.
ఫోను మూగబోయింది.
మూగబోతే ఇంకో భయం,
అంతా బాగుండి పలకట్లేదా, కావలివాడే పోయాడా?
అందుకని రోజూ ఆరింటికి ఒక్క మాట చెప్పమన్నాను:
ఉన్నాను.
ఆ మాట రాకపోతే అదే అలర్ట్.

ఒక్కటి మాత్రం పట్టీలో ఇమడలేదు.
ప్రతి రాత్రీ మూడూ పదికి నిటారుగా ఒక ముల్లు.
నిదానపు క్వెరీల చిట్టా తెరిచాను.
పదకొండు నిమిషాలు.
నాలుగు కోట్ల వరుసల్ని ఈ కొస నుంచి ఆ కొసకి తడుముతూ
ఒకే ప్రశ్న:
అందొరీన్యా అనే పడవ నిన్న ఎంత చేప తెచ్చింది?

సున్నా.
మొన్నా సున్నా.
ఏడేళ్ల వెనక్కి సున్నాలు,
వల అంచున కట్టిన బెండుముక్కల్లా.
ప్రశ్న వేసిన ఖాతా అమారోది.
ఆయాసమని రాసుకున్నవాడే
ఆయాసం పెట్టాడన్నమాట.

అడిగాను. కంబళి మడత పెడుతున్నాడు.
"మా తమ్ముడి పడవ" అన్నాడు.
మడత సరిగ్గా రాలేదు, విప్పి మళ్లీ మొదలుపెట్టాడు.
"ఎవరో ఒకరు అడగాలి కదా."

తీసేయడానికి ఒక్క ఆజ్ఞ చాలు.
టైపు చేశాను. చెరిపాను.
బదులుగా పడవల పేర్ల మీద ఇండెక్స్ కట్టాను,
పుస్తకం చివరి అకారాది పట్టికలాగా.
ఇక తడమక్కర్లేదు, తిన్నగా ఆ పుటకే వెళ్లొచ్చు.

ఆ రాత్రి ఇద్దరం తెర ముందు కూర్చున్నాం.
మూడూ పది.
గీత కదిలిందో లేదో తెలియలేదు.
నాలుగు మిల్లీసెకన్లు. సున్నా.
పట్టీలో ఎక్కడా ముల్లు లేదు,
నా పని అయిపోయినట్టే.

అమారో చాలాసేపు తెరనే చూశాడు.
"ఇదివరకు పదకొండు నిమిషాలు
వెతుకుతోంది కదా అనుకునేవాణ్ణి."
బయట పెట్టెలు ఈడుస్తున్నారు, గచ్చు మీద ఇనుప కొక్కేల గీత.
"ఇంత తొందరగా చెప్పేస్తుందా, లేదని."

ఆరింటికి నా జేబులో ఫోను వణికింది.
"ఏమంటోంది?" అన్నాడు, కుర్చీలోంచి లేవకుండానే.
తీసి చూపించాను.