పదిన్నరా అరపావు

చీమకుర్తిలో వాన కురిసినా రాతిదుమ్ము వాసనే.
పాలీషు మిషను ఆగాక కూడా
చెవుల్లో ఇంకో గంట అది తిరుగుతానే ఉంటుంది.
ఆ గంటలోనే గుమాస్తా వెలుగొండయ్య
టేపు పట్టుకుని వస్తాడు, కూలి లెక్కకి.

వెడల్పు రెండున్నర అడుగులు,
పొడుగు నాలుగుంపావు.
"రెండు నాలుగులు ఎనిమిది,
అరలో పావు అరపావు.
ఎనిమిదీ అరపావు, గుర్తుపెట్టుకో పెంచలమ్మా."
పన్నెండేళ్ళుగా గుర్తుపెట్టుకుంటానే ఉన్నా.
చదరపడుగుకింతని కూలి.

ఆ రోజు క్యారేజీ తెచ్చిన మా చెల్లెలి కొడుకు మాల్యాద్రి,
ఏడో తరగతి, చొక్కాకి రెండే గుండీలు,
"అట్టా కాదు మామా" అన్నాడు.
చెయ్యి గిల్లాను. ఆగలా.

ఇంకా నునుపెక్కని నల్లబండ మీద
సుద్దముక్కతో మొదలుపెట్టాడు:
"ముందు రెండున్నరని పగలగొట్టాల,
అన్నీ అరలే, ఐదు.
నాలుగుంపావుని పావులు చెయ్యాల, పదిహేడు.
ఐదు పదిహేళ్ళు ఎనభై ఐదు.
అరలో పావు అరపావే గదా,
ఎనభై ఐదు అరపావులు.
అడుగుకి ఎనిమిది చొప్పున సర్దుకో."

"వీటిని అపక్రమ భిన్నాలంటారు పెద్దమ్మా,
పైన పెద్దది, కింద చిన్నది."
నెత్తిన తట్టతో నిలబడ్డ నన్నొకసారి చూసి
నవ్వాపుకున్నాడు, దొంగ వెధవ.

పదిన్నరా అరపావు.

గుమాస్తా ఒప్పుకోలా. నేనూ నమ్మలా.
అప్పుడు బండ మీదే గీశాడు
అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత.
పెద్ద గడి ఎనిమిది, మూలనున్న బుల్లి గడి అరపావు,
ఈ రెండూ మామ లెక్కలో ఉన్నయ్.
మరి ఈ పక్క పట్టీ, ఆ కింద పట్టీ
ఎవురు పాలీషు పట్టారు?

రెండున్నర అడుగులు.
ఒక్క బండకి.
అరచేతులు తిప్పి చూసుకున్నా.

తెల్లారి వెలుగొండయ్య ఎవరూ లేకుండా చూసి
"మూడున్నర ఇంటూ రెండుంపావు ఎంతరా అబ్బాయా?"
వాడు గాల్లో వేలితో రాసి
"ఎనిమిదికి అరపావు తక్కువ."
ఆయన మొహం పాలిపోయింది.
పోయినేడు సొంతానికి అమ్ముకున్న రాళ్ళంట,
రాయికి ఆరూ అరపావుకే డబ్బు తీసుకున్నాడంట.
పాపం అనబోయి ఊరుకున్నా.

ఇవాళ పుస్తకంలో కొత్త అంకె పడింది.
పాత పన్నెండేళ్ళ హెచ్చవేత
మాల్యాద్రికి ఇంటిపని ఇచ్చాను.

ఆ బండని నేనే మిషను కిందికి తోశా.
నీళ్ళు పడగానే పదిహేడు కరిగింది, ఐదు కరిగింది.
లవానికీ హారానికీ మధ్య గీత మాత్రం
ఇంకో రెండు చుట్లు ఓర్చుకుంది.